సిగ్గు చాటున దాగిన జబ్బు: ప్రోస్టేట్ అడ్డంకి, స్టెంట్ చికిత్స

ధర్మవరంలోని ఒక మస్జిద్‌లో ఏళ్ళ తరబడి మొదటి వరుసలో నిలబడిన పెద్దాయన ఒకరున్నారు. పట్టు మగ్గం మీద బతుకు వెళ్ళదీసిన మనిషి. ఫజ్ర్ అజాన్ కాకముందే మస్జిద్ తలుపు దగ్గర ఆయన చెప్పులు కనిపించేవి. కొంతకాలం క్రితం ఆయన మొదటి వరుస వదిలి చివరి వరుసకు, తలుపు పక్కకు మారారు. తరువాత సున్నత్‌లు ఇంట్లో చదువుకుంటానని ఫర్జ్ కాగానే వెళ్ళిపోసాగారు. ఆ పైన జుమాకు తప్ప రావడం మానేశారు. చివరకు జుమాకు కూడా రాలేదు. మేము ఇంటికి వెళ్ళి పలకరిస్తే, “వయసు హజ్రత్, వయసు” అన్న మాట తప్ప మరేదీ చెప్పలేదు.

అసలు సంగతి ఆయన కుమారుడి ద్వారా తెలిసింది. రాత్రి ఐదారుసార్లు మూత్రానికి లేవవలసి వస్తోంది. వెళ్ళినా ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. లేచి వచ్చిన తరువాత కూడా చుక్కలు పడతాయి. బట్టలు పాక్‌గా ఉన్నాయో లేవో అన్న అనుమానంతో, పక్కవారికి వాసన వస్తుందేమోనన్న భయంతో ఆయన మస్జిద్‌కు దూరమయ్యారు. ఇదంతా భార్యకు ఒక్కతెకే తెలుసు. కొడుక్కి చెప్పవద్దని ఆమె చేత మాట కూడా తీసుకున్నారు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళలో మేము తిరిగిన ఇళ్ళలో ఈ కథ ఒక్క ఇంటిది కాదు. బెంగుళూరు బస్సు ఎక్కవలసి వస్తే ముందురోజు నుంచే నీళ్ళు తాగడం మానేసే వ్యాపారులను చూశాము. మనుమరాలి నికాహ్ సభలో అరగంట కూర్చోలేక వెళ్ళిపోయిన తాతలను చూశాము. అందుకే ఈ నెల ఈ విషయాన్ని దాపరికం లేకుండా రాయాలని సంకల్పించాము.

ముసలితనం వేరు, జబ్బు వేరు

ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కల్పించాడనీ, వైద్యం చేయించుకోవాలనీ, ముసలితనం ఒక్కటే దీనికి మినహాయింపనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. ఈ చివరి మాటను పట్టుకుని మన పెద్దలు వయసులో వచ్చే ప్రతి బాధనూ వయసు ఖాతాలో వేస్తారు. ముసలితనానికి మందు లేదన్న మాట నిజమే. ముసలితనంలో వచ్చే జబ్బులకు కూడా మందు లేదని ఆ మాటకు అర్థం కాదు.

ప్రోస్టేట్ అనేది పురుషులకు మాత్రమే ఉండే గ్రంథి. యౌవనంలో అక్రోటు కాయంత ఉంటుంది. మూత్రాశయం కింద, మూత్రం బయటకు వచ్చే మార్గాన్ని చుట్టుకొని ఉంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగం దీని నుంచే వస్తుంది. నలభై దాటిన తరువాత ఇది మెల్లగా పెరగసాగుతుంది. అరవై దాటిన పురుషులలో సగం మందికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. పెరిగిన వారందరికీ ఇబ్బంది ఉండదు. గ్రంథి ఎంత పెద్దదన్నది కాదు, అది మూత్రమార్గాన్ని ఎంతగా నొక్కుతున్నదన్నదే ముఖ్యం.

దారి ఇరుకైనప్పుడు మూత్రాశయం మరింత బలంగా నెట్టవలసి వస్తుంది. మొదట దాని కండరం మందమవుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అలసి సడలిపోతుంది. లోపల మూత్రం నిలువ ఉండిపోతుంది. దాని వల్ల చీము, రాళ్ళు, ముదిరితే మూత్రపిండాలకు చేటు. ఒకనాడు మూత్రం పూర్తిగా బంధించుకుపోతుంది. అది ఆసుపత్రికి పరుగెత్తవలసిన ఘడియ.

ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. అయితే క్యాన్సర్ కూడా ఇదే గ్రంథికి రావచ్చు గనుక వైద్యులు వేలితో పరీక్షించడం, పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష రాయడం ఉంటుంది. ఆ పరీక్షకు సిగ్గుపడి మధ్యలోనే లేచి వచ్చినవారిని మేము ఎరుగుదుము. వైద్య అవసరం కోసం వైద్యుని ముందు అవసరమైన మేరకు సతర్ తీయడానికి షరీఅత్ అనుమతి ఉంది.

ఆ రాత్రి

ఆ పెద్దాయనకు ఒక చలికాలపు రాత్రి జలుబు చేసింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన మాత్ర వేసుకుని పడుకున్నారు. అర్ధరాత్రి దాటేసరికి పొత్తికడుపు ఉబ్బిపోయి, చుక్క కూడా రాక విలవిలలాడారు. జలుబు మాత్రలలో కొన్ని రకాలు ప్రోస్టేట్ పెరిగినవారిలో మూత్రాన్ని బంధించగలవు. ఇంట్లో అందరికీ తెలిసి ఉండవలసిన విషయమిది. ఆయన జబ్బు ఎవరికీ తెలియదు గనుక ఆ జాగ్రత్త చెప్పేవారు కూడా లేకపోయారు.

ఆసుపత్రిలో పైపు వేసి మూత్రం తీశారు. ప్రాణం కుదుటపడింది. మందులు వాడి ఒకటి రెండుసార్లు పైపు తీసి చూసినా మూత్రం రాలేదు. ఆపరేషన్ చేద్దామంటే మరొక చిక్కు వచ్చిపడింది. నాలుగు నెలల క్రితమే ఆయన గుండెకు స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందులను ఇంత త్వరగా ఆపితే గుండెకు ప్రమాదం, ఆపకుండా కోస్తే రక్తస్రావం. పైపుతో, కాలికి కట్టుకున్న సంచితో ఆయన ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడు కుమారుడు మమ్మల్ని ఇలా అడిగాడు: “హజ్రత్, అబ్బా గుండెలో స్టెంట్ వేసి రక్తానికి దారి చేశారు కదా. అలాంటిదే మూత్రం దారిలో వేస్తే సరిపోదా? పైపూ ఉండదు, ఆపరేషనూ ఉండదు.”

ప్రశ్న సబబైనది. జవాబు మాకు తెలియదు. తెలిసిన యూరాలజీ వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

గుండె స్టెంట్, మూత్రమార్గం స్టెంట్

మూసుకుపోయే దారిని లోపలి నుంచి తెరచి ఉంచే చిన్న గొట్టమే స్టెంట్. 19వ శతాబ్దంలో దంతాల అచ్చు తీసే పదార్థాన్ని మెరుగుపరచిన ఇంగ్లండు దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ పేరే దీనికి నిలిచింది.

మన తెలుగువారికి స్టెంట్ అనగానే గుర్తుకు రావలసిన పేర్లు రెండున్నాయి. హైదరాబాదు హృద్రోగ నిపుణులు భూపతిరాజు సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం. విదేశాల నుంచి వచ్చే గుండె స్టెంట్ల ధర పేదలకు అందనంతగా ఉన్న కాలంలో, 1998లో, వీరిద్దరి కృషితో తక్కువ ఖర్చు స్టెంట్ తయారైంది. దానికి కలాం-రాజు స్టెంట్ అని పేరు వచ్చింది. రక్షణ పరిశోధనలో సంపాదించిన విజ్ఞానం రోగి గుండెకు ఉపయోగపడిన ఉదాహరణ అది.

మూత్రమార్గంలో స్టెంట్ వేయాలన్న ఆలోచన గుండె స్టెంట్‌ను చూసి పుట్టిందేమీ కాదు. మనిషి గుండె రక్తనాళంలో తొలి స్టెంట్‌ను 1986లో ఫ్రాన్సులో వేశారు. జర్మనీ వైద్యుడు ఫాబియన్ ప్రోస్టేట్ అడ్డంకికి స్టీలు తీగను చుట్టగా చుట్టి చేసిన సాధనాన్ని 1980లోనే వెల్లడించారు. ఆరేళ్ళు ముందుగా మొదలైన ఈ పని నేటికీ గుండె స్టెంటంత సాఫీగా సాగలేదు. కారణాలు తెలుసుకుంటే ఆ కుమారుని ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మొదటి కారణం మూత్రమే. అందులో కరిగి ఉన్న లవణాలు పరాయి వస్తువు దొరికితే దాని మీద పేరుకుంటాయి. ఉప్పునీళ్ళు కాచిన పాత్రకు లోపల తెల్లని పొర కట్టడం మన ఆడవారికి తెలిసినదే. స్టెంట్ మీద కూడా అలాంటి పొర కట్టి గట్టిపడుతుంది. క్రిములు చేరతాయి.

రెండవ కారణం ఆ దారి ఆకారం. గుండె రక్తనాళం గుండ్రని గొట్టం. ప్రోస్టేట్ లోపలి మార్గం వంపు తిరిగి ఉంటుంది. ఇరువైపుల నుంచి గ్రంథి నొక్కడం వల్ల సన్నని చీలికలా మారుతుంది. కొందరిలో గ్రంథి మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకు వచ్చి మూతలా అడ్డుపడుతుంది. అలాంటివారికి స్టెంట్ సాధారణంగా నప్పదు.

మూడవది అన్నిటికన్నా సున్నితమైనది. ప్రోస్టేట్‌కు కాస్త దిగువన, మూత్రాన్ని మన ఇష్టప్రకారం ఆపుకొనే కండరపు వలయం ఉంటుంది. స్టెంట్ కాస్త పొడవై దానిని దాటితే ఆ వలయం మూసుకోలేదు, మూత్రం ఆగకుండా కారుతుంది. కాస్త పొట్టిదైతే అడ్డంకి మిగిలిపోతుంది. పైకి జరిగితే మూత్రాశయంలో పడిపోతుంది. అందుకే కొలత సరిగ్గా కుదరాలి, కుదిరిన చోట కదలకుండా నిలవాలి. అవసరం తీరాక సులువుగా బయటకు రావాలి. కదలకుండా నిలిచేది సులువుగా రాదు, సులువుగా వచ్చేది నిలకడగా ఉండదు. దీన్ని రూపొందించేవారి కష్టమంతా ఇక్కడే ఉంది.

నలభై ఏళ్ళ ప్రయత్నాలు

ఈ కష్టాన్ని దాటడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క దారి తొక్కారు. యూరోలూమ్ అనే శాశ్వత స్టెంట్ లోహపు తీగలతో అల్లిన జాలి. మూత్రమార్గపు లోపలి పొర దాని మీదుగా పెరిగి కప్పివేస్తే లోహానికి మూత్రం తగలదు, పొర కట్టదు అన్నది ఆలోచన. 1990లలో దీని మీద గొప్ప ఆశలు పెట్టుకున్నారు. కొందరికి మేలు జరిగింది. మరికొందరిలో కణజాలం జాలి కన్నుల గుండా అదుపు లేకుండా పెరిగి దారి మళ్ళీ మూసుకుంది. నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం వంటి బాధలు కలిగాయి. కణజాలంలో కూరుకుపోయిన జాలిని తీయడం వేయడం కన్నా కష్టమైంది. చివరకు అది వాడుక నుంచి తప్పుకుంది.

డెన్మార్క్‌లో రూపొందిన మెమోకాత్ మరొక దారి పట్టింది. నికెల్, టైటానియం కలిసిన ఆ మిశ్రలోహానికి వేడినిబట్టి ఆకారం మార్చుకునే గుణం ఉంది. లోపల అమర్చి సుమారు 55 డిగ్రీల వేడినీళ్ళు పంపితే దాని కొన విచ్చుకొని పట్టు దొరుకుతుంది. తీయవలసినప్పుడు 10 డిగ్రీల కన్నా చల్లని నీళ్ళు పంపితే మెత్తబడి తీగలా సాగి బయటకు వస్తుంది. తీయడమెలా అన్న ప్రశ్నకు ఇది మంచి జవాబు. పొర కట్టడం, జరిగిపోవడం మాత్రం పూర్తిగా తప్పలేదు.

అమెరికాలో 2006లో అనుమతి పొందిన స్పానర్ మెత్తని సిలికోన్‌తో చేసినది. గరిష్ఠంగా ముప్ఫై రోజులు ఉంచడానికి ఉద్దేశించినది. ఆపుకొనే కండరం దగ్గర గొట్టం లేకుండా, సన్నని దారం మాత్రమే సాగేలా దానిని తీర్చారు. అందువల్ల రోగి తనకు కావలసినప్పుడు మూత్రం పోసుకోగలడు, ఆపుకోగలడు. సంచి మోయనక్కరలేదు.

ఐటిండ్ అనే సాధనానికి 2020లో అమెరికా అనుమతి లభించింది. దీనిని లోపల వదిలివేయరు. మూడు తీగల ఈ సాధనం ఐదు నుంచి ఏడు రోజులు లోపల ఉండి, మూడు చోట్ల ఒత్తి దారిని వెడల్పు చేస్తుంది. ఆ తరువాత పూర్తిగా తీసివేస్తారు. మరీ పెద్దది కాని గ్రంథికి, మధ్య భాగం పొడుచుకు రానివారికి ఇది వర్తిస్తుంది. శాశ్వతంగా ఉంచేదాని నుంచి పని చేసి వెళ్ళిపోయేదాని వైపు రూపకర్తల దృష్టి మళ్ళిందని ఈ క్రమం చెబుతోంది.

మూసుకున్న మూత్రమార్గంలోకి గొట్టం పంపే విద్యకు మన చరిత్రలో కూడా చోటుంది. సుమారు వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలో జీవించిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తన బృహద్గ్రంథం ‘కితాబుత్తస్రీఫ్’లో మూత్రం తీసే వెండి గొట్టాన్ని వర్ణించారు. జబ్బును చూసి తల తిప్పుకోవడం ఆ ఉమ్మత్ వారసత్వం కాదు.

స్టెంట్ ఎవరికి?

ప్రోస్టేట్ పెరిగిన ప్రతివారికీ స్టెంట్ కాదు. మొదటి మెట్టు అలవాట్లు మార్చుకోవడం, మందులు వాడటం. టామ్సులోసిన్ వంటివి కండరాన్ని సడలించి కొద్ది రోజులలోనే ఉపశమనం ఇస్తాయి. లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు, కనుక సజ్దా నుంచి లేచేటప్పుడు పెద్దలు నిదానించాలి. ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ వంటివి గ్రంథిని తగ్గిస్తాయి, అయితే ఫలితానికి నెలలు పడుతుంది.

మందులకు లొంగనప్పుడు శస్త్రచికిత్స. పొట్ట కోయనక్కర లేకుండా మూత్రమార్గం గుండానే పరికరం పంపి అడ్డుపడే భాగాన్ని తొలగిస్తారు. దీనిని టర్ప్ అంటారు. లేజర్‌తో చేసే హోలెప్ పద్ధతిలో రక్తస్రావం తక్కువ. ఈ శస్త్రచికిత్సల తరువాత వీర్యం బయటకు రాకుండా మూత్రాశయంలోకి వెళ్ళే అవకాశం ఉంది. సంతానం కోరుకునేవారు ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి.

శస్త్రచికిత్సకు శరీరం తట్టుకోలేనివారికి, లేదా ఆ పెద్దాయనలా కొన్నాళ్ళు వేచి ఉండవలసినవారికి, పైపుకు బదులుగా స్టెంట్ పనికి వస్తుంది. దీనికి మరొక ప్రయోజనం కూడా ఉంది. తాత్కాలిక స్టెంట్ వేయగానే మూత్రం ధారాళంగా వస్తే అడ్డంకి ప్రోస్టేట్‌దేననీ, ఆపరేషన్ ఫలించగలదనీ తెలుస్తుంది. రాకపోతే మూత్రాశయపు కండరమే అలసిపోయిందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు స్టెంట్ కూడా పెద్దగా సాయం చేయదు.

ఎవరైనా స్టెంట్ వేద్దామంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది తాత్కాలికమా, శాశ్వతమా? ఎన్ని రోజులకు తీయాలి? తీసేది ఎవరు, ఎక్కడ? జరిగిపోతే, పొర కడితే ఏమి చేస్తారు? ఇచ్చిన గడువు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచండి. మరచిపోయిన స్టెంట్ లోపల రాయిలా మారగలదు.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం గురించి ఆసుపత్రిలోని పథకం సిబ్బందిని అడగండి. మన జిల్లాలోనే పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన ఉచిత వైద్యశాలలో యూరాలజీ విభాగం ఉంది, కులమతాల పట్టింపు లేదు. ధర్మవరం నుంచి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు వెళ్ళే రైలు ఉండనే ఉంది. ఈ రోగికి మరుగుదొడ్డి లేని బస్సు కన్నా రైలే మేలు.

నమాజు, రోజా

మస్జిద్‌కు రాలేకపోవడం కన్నా నమాజే చెల్లదేమోనన్న బెంగ పెద్దలను ఎక్కువ కుంగదీస్తుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసుకుని ఫర్జ్ చదువుకునేంత వ్యవధి కూడా లేకుండా చుక్కలు పడుతూ ఉంటే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. ఆ తరువాతి వేళలలో ఒక్కసారైనా ఆ బాధ కలుగుతున్నంత వరకు అదే హోదా. అతడు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకోవాలి. ఆ వేళ ముగిసే వరకు ఆ చుక్కల వల్ల అతని వుజూ భంగం కాదు. పైపు, సంచి ఉన్నవారు సంచిని ఖాళీ చేసుకొని నమాజు చదువుకోవచ్చు. మస్జిద్ మలినం కాదన్న నమ్మకం ఉంటే జమాఅత్‌కు కూడా రావచ్చు. అప్పుడప్పుడు మాత్రమే చుక్కలు పడేవారు ఈ కోవలోకి రారు. వారు కాస్త ఆగి, శుభ్రపరచుకుని వుజూ చేసుకోవాలి. లేని అనుమానాలకు మాత్రం లొంగరాదు.

మూత్రమార్గంలో పైపుగానీ పరికరంగానీ పంపితే రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. ఎవరి పరిస్థితి వారిది గనుక తమ ముఫ్తీ సాహెబ్‌ను అడగడం శ్రేయస్కరం.

అడగడానికి సిగ్గెందుకు?

హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల స్నానానికి సంబంధించిన విషయాన్ని స్వయంగా దైవప్రవక్త (స) సన్నిధిలో అడిగారు. సిగ్గు తమను ధర్మజ్ఞానానికి దూరం చేయనందుకు అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. హజ్రత్ అలీ (రజి) తమ దేహానికి సంబంధించిన ఒక విషయాన్ని అల్లుడిగా స్వయంగా అడగలేక, హజ్రత్ మిఖ్దాద్ (రజి) చేత అడిగించారు. సిగ్గు ఉన్నా సమాచారం ఆగలేదు. నోరు తెరవలేని తండ్రికి కుమారుడు మిఖ్దాద్ కావాలి. భర్త చేత మాట ఇచ్చిన ఇల్లాలు కూడా, ప్రాణానికి ముప్పు వచ్చే చోట ఆ మౌనం అమానత్ కాదని గ్రహించాలి.

మస్జిద్ కమిటీలకు ఒక విన్నపం. మరుగుదొడ్లలో ఒకదానికి కూర్చునే కమోడ్, పట్టుకోవడానికి చేతికడ్డీ పెట్టించండి. వుజూ చోటుకు దగ్గరలో ఉండనివ్వండి. పెద్దాయన ఎవరైనా మాటిమాటికీ లేస్తే వెనక్కి తిరిగి చూడకండి. తెలియక మస్జిద్‌లో మూత్రం పోసిన పల్లెవాసిని మధ్యలో అడ్డుకోవద్దని వారించి, ఆ పైన నీళ్ళు పోయించిన కారుణ్యమూర్తి అనుచరులము మనము.

ఆ పెద్దాయనకు చివరకు స్టెంట్ వేయలేదు. వేచి ఉండవలసిన ఆ నెలలకు తాత్కాలిక స్టెంట్ తగిన మార్గమేనని వైద్యులు ఒప్పుకున్నారు. అయితే ఆయన గ్రంథి మధ్య భాగం పొడుచుకు వచ్చి ఉన్నందున అది కుదరదన్నారు. చెప్పిన గడువులో పైపు మారుస్తూ ఆగారు. గుండె వైద్యులు అనుమతించాక లేజర్ శస్త్రచికిత్స జరిగింది. అల్హందులిల్లాహ్, ఇప్పుడు పైపు లేదు. కుమారుని ప్రశ్న మాత్రం వృథా కాలేదు. ఆ ప్రశ్న అడిగిన రోజు నుంచే ఆ ఇంట్లో జబ్బు గురించి మాట్లాడుకోవడం మొదలైంది.

ఆ నెలలలో ఒక జుమా రోజున, కాలికి సంచితోనే, ఆయన మస్జిద్‌కు వచ్చారు. మసాయిల్ చెప్పి ధైర్యం ఇవ్వడం తప్ప మేము చేసినదేమీ లేదు. చివరి వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే మళ్ళీ మొదటి వరుసలో, ముఅజ్జిన్ పక్కన ఉన్నారు. మీ మస్జిద్‌లో కూడా మొదటి వరుస నుంచి చివరి వరుసకు మారిన పెద్దాయన ఎవరైనా ఉండవచ్చు. వచ్చే జుమాకు ముందే ఆయన ఇంటికి వెళ్ళి పలకరించండి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.